చెక్క నేల తడిస్తే
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మనలో పలువురు అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లివస్తుంటారు. అక్కడ చాలా ఇళ్లలో ఓక్ చెక్క నేల ఉంటుంది. మన గచ్చులా నీళ్లు పోసి కడిగితే చెక్క నీరు పీల్చి, పలకల అంచులు పైకి లేస్తాయి.

అప్పుడు కంగారుపడి చిత్రిక పట్టించకూడదు. ముందు బాగా ఆరనివ్వాలి. అందుకు వారాలు పట్టవచ్చు. చాలాసార్లు పలకలు వాటంతటవే సర్దుకుంటాయి. తడి ఉండగానే అంచులు చెక్కితే, ఆరిన తరువాత అవి పల్లమై నడుమ ఎత్తుగా మిగులుతుంది.

తెల్లమచ్చ సాధారణంగా పైపూతలోనిదే. నల్లమచ్చ అయితే నీరు చెక్కలోకి దిగినట్లే.

కనుక నీళ్లు ఒలికితే వెంటనే పొడిగుడ్డతో తుడవండి. మొహమాటపడకుండా పిల్లలకు చెప్పండి. గోటితో పోయేదానికి గొడ్డలిదాకా తేవద్దు. సెలవు.