ఫ్రెంచి క్రియలు – తెలుగు చెవి

నాదెండ్ల అను ఊరి పేరును ఒకమారు మెల్లగా పలికి చూడుడు. వ్రాతలో నా-దెం-డ్ల అని మూడక్షరములు. ‘డ్ల’ అను హల్లుల జంటను మనము విడదీయక, తరువాతి అచ్చుతో చేర్చి వ్రాయుదుము. ఫ్రెంచి క్రియలను పలుకుటకు ఈ చిన్న విషయమే మనకు తోడ్పడును.

ఆ భాష మన ప్రాంతమునకు బొత్తిగా క్రొత్తది గాదు. పదునెనిమిదవ శతాబ్ది మధ్యమున కొండవీటి సీమ కొంతకాలము ఫ్రెంచివారి చేతిలో నుండెను. యానాము 1954 వరకు వారి ఏలుబడిలో నుండెను. అయినను ఆ క్రియలు మనకు చిక్కుగనే తోచును. ‘వారు మాట్లాడుచున్నారు’ అను అర్థము గల క్రియను మేము మొదట ‘పార్లెంట్’ అని చదివితిమి. నిజమునకు చివరి మూడు లిపులును మౌనములు. ‘పార్ల్’ అనిన చాలును. తెలుగు అజంత భాష యగుటచే మన నాలుక అచట ఒక అచ్చును కోరును.

‘మేము’ కర్తయైనపుడు చిక్కు హెచ్చును. పార్-లోఁ అనగా మాట్లాడుచున్నాము. పార్-ల్యోఁ అనగా మాట్లాడుచుంటిమి. ఇచట అరసున్న ముక్కుతో పలుకు అచ్చునకు గుర్తు. కాలభేద మంతయు ఒక్క యకారములో నున్నది. వ్రాతలో నున్నది ఇకారమే. పైన అచ్చు వచ్చుటచే యకారమైనది. అతి, అంత కలిసి అత్యంత మగునట్లే.

కాని ‘మాకు కావలెను’ అని మర్యాదగా అడుగు రూపము వూ-ద్రి-యోఁ అని మూడక్షరములు. ‘ద్ర’ మీద యకారము కూడ చేరినచో మూడు హల్లులు గుమికూడును. అందుచే ఇకారము నిలిచినది. మన ‘డ్ల’ వలెనే ‘ద్ర’ విడిపోలేదు. ఇట్లు హల్లుమీద రేఫగాని లకారముగాని విడిపోక ఒకే అక్షరములో చేరినచోట్ల ఇదియే పద్ధతి.

మరియొక జంట వినుడు. ఎమ్-రోఁ అనగా ప్రేమించెదము. ఎ-మ-ర్యోఁ అనగా, అట్లయినచో ప్రేమింతుము. మొదటిదానిలో నడిమి అచ్చు జారిపోయినది; రెండవదానిలో ‘ర్య’ ముందున్నందున తేలికగా నిలిచినది. మొదటిది మాట యిచ్చుట, రెండవది షరతు పెట్టుట. ఒక్క అక్షరము తప్పినచో షరతు వాగ్దానమై కూర్చుండును.

కావున ఫ్రెంచి నేర్చుకొనువారు లిపులను గాక, చెవికి వినవచ్చు అక్షరములను లెక్కింపవలెను. గురులఘువులు గణించిన చెవికి అది అసాధ్యము గాదు.