ఇంటికి పిట్టగోడ, దారికి జాగ్రత్త



నేటి ధ్యానము కొరకు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము చూడండి. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టూ పిట్టగోడ పెట్టవలెనని, పెట్టనందున ఎవరైనా పడి చనిపోతే ఆ దోషము ఆ ఇంటివారిదేనని దేవుడు అక్కడ తేటగా చెప్పుచున్నాడు. పొరుగువాడు పడకముందే వాని ఎముకలను గూర్చి ఆలోచించుట కూడా ప్రేమే.

చౌటుప్పల్‌లో ఉన్నవారికి ఈ మాట బాగా అర్థమగును. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి వారి ఊరిమీదుగానే పోవుచున్నది. సంక్రాంతి వచ్చిందంటే పంతంగి టోల్‌గేటు వద్ద బండ్లు బారులు తీరును. అదే దారిని కూలికి పోవు తల్లులు, బడి పిల్లలు, గొర్రెల కాపరులు దాటుదురు.

2022లో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క. పదిమందిలో ఏడుగురి మరణమునకు అతివేగమే కారణము. హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. వేగము రెట్టింపయితే దెబ్బ తాకిడి నాలుగింతలగును. దేహములోకెల్లా గట్టిదైన తొడ ఎముక విరిగితే, పైకి గాయము లేకున్నను లోపల లీటరు రక్తము పోవచ్చును. ఇంటి పెద్దకు కాలు విరిగితే నెలల తరబడి కూలి ఉండదు, అప్పు మిగులును.

"ప్రార్థన చేసుకొని బయలుదేరితిమి గదా" అందురు కొందరు. సాతాను యేసును దేవాలయ శిఖరముపై నిలిపి, దూతలు పట్టుకొందురు, దూకుమన్నాడు. ప్రభువు దూకలేదు, అది దేవుని శోధించుట అన్నాడు. యూటర్న్ దూరమని ఎదురు దారిలో బండి నడుపుట, తాగి నడుపుట, చీకటిలో వెనుక లైటు లేని ట్రాక్టరును రోడ్డున నిలుపుట, సభలకు ఒకే ఆటోలో పదిహేనుమందిని ఎక్కించుట కూడా ఆ దూకుటయే. జరిగిన పిమ్మట "దేవుని చిత్తము" అని మన నిర్లక్ష్యమును ఆయనమీద వేయకుడి.

ఒకవేళ దారిలో ఎవరైనా పడియుంటే? లూకా 10వ అధ్యాయములో యాజకుడు, లేవీయుడు ప్రక్కగా పోయిరి. నేడు మనము పోలీసు కేసుకు భయపడి పోవుచున్నాము. ఆ భయము అక్కరలేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల సవరణ చట్టము సాయము చేయువారికి రక్షణనిచ్చినవి. మీ పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. వెంటనే 108కి ఫోను చేయండి. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమండి. విరిగిన కాలును లాగవద్దు, మెడను కదిలించవద్దు, నీళ్లు త్రాగించవద్దు.

సంఘ పెద్దలారా, వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మందిరము గేటు వద్ద నిలిచి, హెల్మెట్ లేకుండ ఎవరు బయలుదేరుచున్నారో ప్రేమతో అడగండి. అదే మన సంఘపు పిట్టగోడ.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా రాకపోకలను కాపాడుము. మా తొందరవలన ఏ ఇంటను ఏడ్పు కలుగకుండునట్లు మాకు నెమ్మది దయచేయుము. మంచములమీదనున్న క్షతగాత్రులను స్వస్థపరచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.