నిద్రపోతున్న కంప్యూటరును దూరం నుంచి మేలుకొలపడం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభ్యులకు పనికివచ్చే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. డి.ఏ. లెక్కలు, పెన్షను రివిజను గురించి చెప్పడానికి నాకంటే సమర్థులు ఈ వేదిక మీదే ఉన్నారు. కనుక నేను వేరే విషయం ఎత్తుకుంటాను.

మనలో చాలామంది ఏడాదిలో కొన్ని నెలలు అబ్బాయి దగ్గరో అమ్మాయి దగ్గరో గడుపుతున్నాం. పెన్షను కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు, ఇంటి దస్తావేజుల నకళ్లు మాత్రం సొంతవూళ్లో, తాళం వేసిన ఇంట్లో, కంప్యూటరులో ఉంటున్నాయి. అవసరం పడితే ఎలా? కంప్యూటరును రాత్రింబవళ్లు వెలిగించి ఉంచుదామంటే, 60 వాట్లు లాగే యంత్రం నెలకు 43 యూనిట్లు తింటుంది. అదే నిద్రలో ఉంచితే, 3 వాట్ల చొప్పున చూసినా నెలకు రెండు యూనిట్లు దాటి ఎంతో కాదు. మరి నిద్రలో ఉన్నదాన్ని వందల మైళ్ల దూరం నుంచి లేపేదెవరు?

టెలిఫోను శాఖలో పనిచేసిన మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు. రిసీవరు పెట్టేసి ఉన్నప్పుడు ఫోను నిద్రపోతున్నట్టే లెక్క. కానీ గంట మాత్రం కండెన్సరు ద్వారా లైనుకు తగులుకొని కాచుకునే ఉంటుంది. ఎక్స్ఛేంజి నుంచి రింగింగ్ కరెంటు రాగానే మోగుతుంది. కంప్యూటరులోనూ అంతే. యంత్రమంతా పడుకున్నా నెట్‌వర్క్ కార్డుకు మాత్రం కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. అది తనకు రావలసిన పిలుపు కోసం చెవి ఒగ్గి ఉంటుంది.

ఆ పిలుపు పేరు 'మ్యాజిక్ ప్యాకెట్'. ఏ.ఎమ్.డి. కంపెనీ, హ్యూలెట్ ప్యాకార్డ్ కలిసి రూపొందించిన ఈ పద్ధతి వివరాలు 1995లో వెలువడ్డాయి. 1997లో ఐ.బి.ఎమ్., ఇంటెల్ కంపెనీలు దీనిని 'వేక్ ఆన్ లాన్' అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చాయి. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ తయారీలోనే 6 బైట్ల నంబరు ఒకటి ఇస్తారు. దానినే మ్యాక్ అడ్రసు అంటారు. మ్యాజిక్ ప్యాకెట్‌లో ముందు 6 బైట్ల సంకేతం, ఆ తరువాత ఈ నంబరు 16 సార్లు వరుసగా ఉంటాయి. వెరసి 102 బైట్లు. తన నంబరును అలా 16 సార్లు విన్న కార్డు యంత్రాన్ని లేపుతుంది.

ఒకే ఇంట్లో, ఒకే తీగ మీద ఇది చక్కగా పనిచేస్తుంది. చిక్కంతా బయటి నుంచి పిలిచినప్పుడే. ఇంటి రూటరును పాతకాలపు పి.బి.ఎక్స్. బోర్డు అనుకోండి. బయటికి నంబరు ఒక్కటే, లోపల ఎక్స్టెన్షన్లు అనేకం. ఎవరికి కలపాలో చెప్పి ఉంచకపోతే బయటి కాల్ లోపలికి పోదు. పైగా కంప్యూటరు పడుకున్న కొద్ది నిమిషాలకే అది ఏ ఎక్స్టెన్షనులో ఉన్నదో రూటరు మరచిపోతుంది. అన్ని ఎక్స్టెన్షన్లనూ ఒకేసారి మోగించే మార్గం ఉండేది గాని, దుర్మార్గులు దానిని దుర్వినియోగం చేస్తున్నందున అది మామూలుగా మూసివేసి ఉండాలని 1999లో నియమం మార్చారు.

ఇప్పుడు మరో చిక్కు. ఇంటర్నెట్ కంపెనీలు అనేక ఇళ్లను కలిపి ఒకే బయటి నంబరు వెనుక పెడుతున్నాయి. మీ రూటరు పేజీలో కనిపించే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీరూ ఆ కోవలోని వారే. అప్పుడు మీ రూటరులో ఎన్ని మార్పులు చేసినా బయటి పిలుపు మీ గుమ్మం దాకా రాదు.

దీనికి మందు ఏమిటంటే, ఇంట్లో ఎప్పుడూ మేలుకొని ఉండే కాపలావాడిని ఒకడిని పెట్టుకోవడం. అది రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న యంత్రం కావచ్చు, వి.పి.ఎన్. సదుపాయం ఉన్న రూటరు కావచ్చు. లోపలున్న ఆ కాపలావాడే ముందుగా బయటికి కాల్ చేసి, రహస్యమైన లైను ఒకటి పట్టుకొని ఉంటాడు. మనం ఆ లైనులో వెళ్లి "ఫలానా కంప్యూటరును లేపవయ్యా" అంటే, ఇంట్లోనే ఉన్నాడు గనుక వెంటనే లేపుతాడు.

ఇల్లు వదిలి వెళ్లేముందు చూసుకోవలసినవి నాలుగు ఉన్నాయి. కంప్యూటరును వై-ఫైతో కాక తీగతో కలపండి. బయాస్‌లోనూ, నెట్‌వర్క్ కార్డు సెట్టింగులలోనూ ఈ సదుపాయాన్ని ఆన్ చేయండి. విండోస్‌లో షట్‌డౌన్ చేయకుండా 'స్లీప్'లో ఉంచండి. 'ఫాస్ట్ స్టార్టప్' ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే సాధారణంగా లేవదు. నాలుగవది, కరెంటు పోతే నిద్ర కాస్తా పూర్తి మూర్ఛ అవుతుంది గనుక, కరెంటు రాగానే తనంతట తానే వెలిగేలా బయాస్‌లో అమర్చుకోండి. బయలుదేరే ముందు ఇంటి వై-ఫై మీద కాకుండా సెల్‌ఫోను డేటాతో ఒకసారి పరీక్షించి చూడండి.

ఇంత శ్రమ దేనికని అడగవచ్చు. పోయిన సంవత్సరం మేము బెంగుళూరులో మా అమ్మాయి దగ్గర ఉండగా నా శ్రీమతికి గుండెలో నొప్పి వచ్చింది. అక్కడి డాక్టరుగారు పాత ఏంజియోగ్రాం రిపోర్టు ఉందా అని అడిగారు. అది విజయవాడలో, కంప్యూటరులో ఉంది. ఆస్పత్రి వరండాలో కూర్చొనే యంత్రాన్ని లేపి, రిపోర్టు తెప్పించి, అరగంటలో ఆయన చేతిలో పెట్టాను. ఆయన చూసి మందులు మార్చారు. ఆవిడ ఇప్పుడు ఈ సభలోనే, మూడవ వరుసలో, కులాసాగా కూర్చొని ఉంది.

అయితే అందరికీ ఇది కావాలని నేను చెప్పను. నాలుగే నాలుగు ముఖ్యమైన కాగితాలైతే వాటి నకళ్లు పెన్‌డ్రైవులో వెంట తీసుకువెళ్లండి. 2015లో వచ్చిన డిజిలాకర్ కూడా ఉంది. ఏళ్ల తరబడి పోగుపడిన రికార్డు ఉన్నవారికే ఈ ఏర్పాటు.

చివరగా ఒక హెచ్చరిక. మ్యాజిక్ ప్యాకెట్‌కు మామూలుగా పాస్‌వర్డు ఉండదు. అది గంట మోగించడం వరకే. తలుపు తీయడం వేరే పని. ఆ తలుపుకు గట్టి పాస్‌వర్డు పెట్టండి. రిమోట్ డెస్క్‌టాప్‌ను సూటిగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకండి. మరొక సంగతి: "బ్యాంకు నుంచి", "పెన్షను ఆఫీసు నుంచి" అంటూ ఫోను చేసి, మీ కంప్యూటరును దూరం నుంచి సరిచేస్తాం, ఈ యాప్ వేసుకోండి అనేవారిని నమ్మకండి. మనం మన ఇంటికి వెళ్లడం వేరు, ముక్కూమొహం తెలియనివాడికి తాళంచెవి ఇవ్వడం వేరు. మోసం జరిగితే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఈ ఏర్పాటు వివరాలు ఒక కాగితం మీద రాసి, మీ భార్యకో భర్తకో, పిల్లలలో ఒకరికో తెలిసేలా ఉంచండి. ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఎక్కడున్నాయో మనకొక్కరికే తెలిసి ఉండడం ఎవరికీ మంచిది కాదు.

సందేహాలున్నవారు భోజనాల వేళ నన్ను అడగవచ్చు. సెలవు.