అమ్మేవారికి ఉన్న హక్కేమిటి?

ఇల్లు కొనేటప్పుడు గదులు చూస్తాం, నీళ్లు చూస్తాం, వాస్తు చూస్తాం. అమ్మేవారికి దాని మీద ఎలాంటి హక్కుందన్నది మాత్రం అడ్వాన్సు ఇచ్చాక అడుగుతాం. ముందే అడగాల్సిన ప్రశ్న అది.

మొదట, ఆస్తి స్వార్జితమా, పిత్రార్జితమా తేల్చుకోండి. స్వార్జితమైతే ఎవరి పేరున ఉందో వారి సంతకం చాలు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే వాటాదారులందరూ రావాలి. "ఆడపిల్లలకు పెళ్లిళ్లలోనే ముట్టజెప్పామండీ" అంటే సరిపోదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. కాబట్టి అక్కచెల్లెళ్ల చేత సాక్షులుగా కాదు, అమ్మకందారులుగా సంతకం పెట్టించుకోండి. పంపకాలు అయిపోయాయంటే రిజిస్టరైన భాగపంపిణీ దస్తావేజు చూపించమనండి.

రెండోది జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. అసలు యజమాని విదేశంలో ఉంటాడు, ఇక్కడ ఇంకొకరు అమ్ముతుంటారు. జీపీఏ ఇచ్చేది యజమాని తరఫున సంతకం చేసే అధికారమే. దానితో ఇల్లు చేతులు మారదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. యజమానితో నేరుగా మాట్లాడండి. ఆయన బతికే ఉన్నారా, జీపీఏ రద్దు చేశారా అన్నది కనుక్కోండి. సేల్ డీడ్ రిజిస్టరయితేనే ఇల్లు మీది.

ఇక అపార్ట్‌మెంట్. ఫ్లాటుతో పాటు స్థలంలో అవిభాజ్య వాటా కూడా కొంటున్నాం. వెయ్యి గజాల్లో సమానమైన ఇరవై ఫ్లాట్లుంటే మీకు యాభై గజాలు రావాలి. దస్తావేజులో ముప్పై ఐదే ఉంటే మిగతాది ఎవరి పేరున ఉందో బిల్డరును అడగండి. పాతబడ్డాక ఆ భవనం కూల్చి కట్టేటప్పుడు లెక్కకొచ్చేది ఆ గజాలే.

స్థలం ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉందా అన్నది కూడా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)తో పాటే చూసుకోండి.

చివరగా మీ సంగతి. ఆలుమగలిద్దరి పేరునా కొంటే ఎవరి వాటా ఎంతో దస్తావేజులో రాయించండి. ఒకరు పోతే వాటా దానంతటదే రెండోవారికి వస్తుందనుకుంటారు చాలామంది. రాదు. హిందూ కుటుంబంలో వీలునామా లేకుండా భర్త చనిపోతే, ఆయన స్వార్జితమైన సగంలో భార్యతో పాటు పిల్లలకూ, ఆయన తల్లికీ భాగం ఉంటుంది. రిజిస్ట్రేషన్ పని మీద లాయరుగారి దగ్గరికి వెళ్లినప్పుడే వీలునామాలు కూడా రాయించుకు రండి.