ఇల్లు, అనుమతి, అప్పీలు
(ఉగాది సభలో చేసిన ఉపన్యాసం)



పంచాంగ శ్రవణానికి వచ్చిన మీకు చట్టం వినిపించవలసి రావడం కొంత ఇబ్బందిగానే ఉన్నది. ముంబయిలో కామాఠీపురకు ఆ పేరు మన తెలుగునేల నుంచి వెళ్లి కట్టడపు పనులు చేసిన కామాఠీలవల్ల వచ్చినదే. ఊరివారి మేడలు కట్టినవారి సంతతి, తమ ఇంటిమీద ఒక గది వేసికొనేటప్పుడు అనుమతి కాగితం ముందు తడబడటం నాకు కష్టంగా తోస్తుంది.

మహారాష్ట్రలో యీ వ్యవహారం 1966 నాటి ప్రాంతీయ నియోజన, నగరరచనా చట్టాన్ని అనుసరించి నడుస్తుంది. క్రొత్త కట్టడమే కాదు, నివాసపు ఇంటిలో దుకాణమో మరమగ్గమో పెట్టడం గూడ అందులో "అభివృద్ధి"యే. సోలాపూరు, భీవండీలలోని మనవారు యీ మాట గుర్తుంచుకోవలె. బయటి రూపం మారని లోపలి మరమ్మతుకు మాత్రం సాధారణంగా అనుమతి అక్కరలేదు. పురాతన కట్టడాల సంగతి వేరు.

దరఖాస్తు అందిన నాటినుంచి, లేదా వారడిగిన వివరాలకు మనం జవాబిచ్చిన నాటినుంచి, ఏది తరువాతిదైతే అప్పటినుంచి, 60 దినాలలో నిర్ణయం తెలుపకపోతే అనుమతి ఇచ్చినట్లే. ఇది విని వెంటనే ఇటుకలు దింపుకోకండి. ప్లాను నియమాలకు అక్షరాలా సరిపోతేనే ఆ రక్షణ.

అసలు నేను చెప్పవచ్చినది తిరస్కారం వచ్చినప్పటి మాట. మన ఇండ్లలో మరాఠీ కవరు దేవుని పటం వెనుక చేరుతుంది. ఏ పండుగకో చదువుకొన్న చుట్టం వస్తే బయటికి తీస్తారు. అప్పటికి గడువు పోయి ఉంటుంది! నిర్ణయం తెలియజేసిన తేదీనుంచి 40 దినాలలో రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసికోవలె. కాబట్టి అందిన రోజు కాగితం మీదే వ్రాసి ఉంచండి, కవరు గూడ పారవేయకండి. గుమాస్తా నోటితో "కాదు" అంటే దానిమీద అప్పీలు నడవదు. వ్రాతపూర్వకమైన నిర్ణయం అడిగి పుచ్చుకోండి. తిరస్కరిస్తే కారణాలు చెప్పితీరవలెనని చట్టమే విధించినది. ఆ కారణాలకే అప్పీలులో జవాబు చెప్పవలె. వెనుకవైపు ఎంత ఖాళీ వదలాలి, మనం ఎంత వదిలాము, ఇట్లా కొలతలతో చెప్పవలె. "పక్కవాడు కట్టుకొన్నాడు గదా" అనేది జవాబు కాదు. దానితో పక్కవాడి ఇంటికే నోటీసు వెళ్లవచ్చు.

అనుమతి ఇచ్చి భరింపరాని షరతు పెట్టినా అప్పీలు ఉన్నది. చాలామందికి తెలియని సంగతి ఇది. అయితే యీ హక్కు దరఖాస్తుదారుదే గాని పొరుగింటివారిది కాదు. ప్రభుత్వం ఉభయుల మాటా విని తీర్పు చెబుతుంది. ఆ తీర్పుపై సివిలు దావాకు చట్టం అడ్డు. తరువాత మిగిలేది హైకోర్టులో రిట్టు. దాని ఖర్చు మగ్గంమీద బ్రతికేవారికి నేను చెప్పనక్కరలేదు.

కూల్చివేయమనే నోటీసు వేరు. దాని గడువు నోటీసులోనే ఉంటుంది. 40 దినాలున్నవి గదా అని కూర్చోరాదు. ఆ గడువులోగా, కట్టినదానిని నిలుపుకొనడానికి అనుమతి కోరవచ్చును. కోరితే, దరఖాస్తు తేలేవరకు నోటీసు అమలు నిలుస్తుంది.

కాగితం వచ్చిన రోజే చదివించుకోండి. మరాఠీ చదువగల పిల్లలు మన ఇండ్లలోనే కావలసినంతమంది ఉన్నారు.