పన్నులు – ప్రజాప్రభుత్వము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సభయందు పన్నులనుగూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విద్యార్థివేతనములు, వసతిగృహము, వృత్తిసహాయము మున్నగువానికై తీర్మానములు చేయ కూడిన సభలో ఈ విషయమేల యని కొందఱు తలంపవచ్చును. ఆ తీర్మానములన్నియు ధనముతో ముడిపడినవి; ఆ ధనము పన్నులవలన వచ్చునది. కావున ఈ విచారము అప్రస్తుతము కాదు.

పంటలో ఆఱవపాలు రాజభాగమని మన ధర్మశాస్త్రములు విధించినవి. కాళిదాసు రఘువంశమున దిలీపుడు పన్ను గైకొనుటను సూర్యుడు నీటిని గ్రహించుటతో పోల్చెను. గ్రహించినది వర్షమై మరలివచ్చునని భావము. ఉపమానము రమణీయమే. కాని వాన ఎచ్చట కురియవలయునో చెప్పు అధికారము నేలకు లేదు. రాజు ధర్మాత్ముడైన సరి. కానిచో ప్రజలకు దిక్కులేదు. రాచరికమునకును ప్రజాప్రభుత్వమునకును గల భేద మిచ్చటనే యున్నది.

ఈ భేదమును మన తెలుగువారు రాజ్యాంగము రాకమునుపే ఎఱిగిరి. నేతపనికి పేరుగన్న చీరాలను, పేరాలను 1919-20 ప్రాంతమున నాటి ప్రభుత్వమువారు పురపాలకసంఘముగా నేర్పఱచిరి. అంతకుమున్ను 4,000 రూపాయలుగా నున్న పన్ను 40,000 రూపాయలకు పెరిగినదని చరిత్రకారులు వ్రాసిరి. 1921 ఏప్రిలులో మహాత్మాగాంధి అచ్చటికి వచ్చిన పిమ్మట, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇండ్లువాకిండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, ఎండవానల కోర్చి సుమారు 11 మాసములు నివసించిరి. నాయకుడు చెఱసాల పాలగుటతో ఉద్యమము సన్నగిల్లెను, జనులు మరలివచ్చిరి. అయినను సమ్మతి లేని పన్ను అధర్మమను మాట దేశమునకు వినబడెను.

నేడు రాజ్యాంగము 265వ అధికరణము చట్టముయొక్క అధికారము లేక ఏ పన్నును విధింపరాదని శాసించుచున్నది. ప్రభుత్వనిధినుండి వ్యయమునకును శాసనసభ యనుమతి వలయును. 73వ సవరణమువలన 1993 నుండి గ్రామసభకు రాజ్యాంగస్థానము లభించినది. చీరాలవారు ఊరు విడిచి అడిగినదానిని మనము కూర్చుండి అడుగవచ్చును. అడుగుచున్నామా?

మనవారిలో పెక్కుమంది, ఆదాయపుపన్ను కట్టువారికే అడుగు హక్కు కలదనియు, తాము ప్రభుత్వముయొక్క దయకు పాత్రులనియు భ్రమపడుచున్నారు. 2017 జూలై 1వ తేదీనుండి వచ్చిన వస్తుసేవల పన్ను సబ్బుబిళ్ల కొను కూలివానిని సైతము విడువలేదు. వాడు కట్టునది వెలలో నడగియుండుటచే కనబడదు, అంతియే. పేదవాడు తన రాబడిలో హెచ్చుభాగము సరకులకే వెచ్చించును గనుక ఇట్టి పన్ను వానిపై మిక్కిలి బరువైనది. పాఠశాలకు పంతులు లేడని అడుగుట యాచన కాదు, లెక్క యడుగుట.

ఇక ఎన్నికల ధనముమాట. దాత పేరు ప్రజలకు తెలియనీయక పార్టీలకు విరాళమొసగు ఎన్నికల బాండ్లను 2018లో ప్రవేశపెట్టిరి. ఓటరునకు తెలిసికొను హక్కు కలదని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న వానిని కొట్టివేసెను. పెద్దల ధనమునకు ఇట్లు అడ్డు పడినది. మన వీధులలో పంచు ధనమున కెవరు అడ్డు? వెచ్చించి గెలిచినవాడు ఆ మొత్తమును మన రోడ్డులోను, మన చెఱువుగట్టులోను రాబట్టుకొనును. ఓటమ్ముకొన్నవాడు అయిదేండ్లు అడుగవలసిన నోటినికూడ అమ్ముకొనుచున్నాడు. కులపెద్దలే ఓట్లను మూకుమ్మడిగా బేరము పెట్టుట మఱింత హేయము. పోషకులు మన్నింతురుగాక, ఈ రోగము మన సంఘమునకు సోకలేదని చెప్పజాలము.

కావున మా మనవి మూడు మాటలు. గ్రామసభకు ఇంటి కొక్కరైన, స్త్రీలు సహితము, పోవలయును. 2005 నాటి సమాచారహక్కు చట్టమును వినియోగించి పనుల లెక్కలు తెలిసికొనవలయును. సంఘము పేర ఓట్ల బేర మెవ్వరును చేయరాదని ఈ సభ తీర్మానింపవలయును. చందాయు నొక పన్నే. గావున మన సంఘముయొక్క జమాఖర్చులనుకూడ ఏటేట ఇట్టి సంచికయందే అచ్చొత్తింపవలయును. ఇంట లెక్క చెప్పనివారికి బయట లెక్క యడుగు నోరుండదు.