చేతిలోని ఫోన్ ఎవరి పనిముట్టు?

(సూరత్ నగరంలోని ఉన్ ప్రాంతంలో తెలుగు విద్యార్థులు, పరిశోధకులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లింబాయత్ నుంచి, డిండోలీ నుంచి ఆటోలు మారి ఇంతదూరం వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, సెలవురోజు వదులుకుని వచ్చిన టీచర్లకు నమస్కారాలు.

నేను ఉన్‌లో ఉంటున్నానంటే హైదరాబాద్ మిత్రులు "ఊనాలోనా?" అని అడుగుతారు. 2016 తర్వాత గుజరాత్ అంటే మనవాళ్ళకు ముందు ఊనాయే గుర్తొస్తుంది. ఊనా సౌరాష్ట్రలో ఉంది, ఇక్కడికి చాలా దూరం. ఇది ఉన్. సూరత్ నుంచి నవ్‌సారీ వెళ్ళే దారిలో, భేస్తాన్‌కూ సచిన్ పారిశ్రామికవాడకూ మధ్య ఉన్న బస్తీ. పేద ముస్లింలు, ఉత్తరాది నుంచీ మహారాష్ట్ర నుంచీ వచ్చిన వలస కుటుంబాలు ఎక్కువ. నా పరిశోధన కోసం ఇక్కడే గది తీసుకున్నాను. ఊనా గురించి కూడా ఈరోజు మాట్లాడతాను. ఎందుకంటే మీరు నాకిచ్చిన అంశం ఫోన్.

నాలుగు నెలల కింద కొత్త స్మార్ట్‌ఫోన్ కొన్నాను. 13,000 రూపాయలు. ఆగిపోయిన ఫెలోషిప్ డబ్బులు ఒకేసారి పడ్డ నెలలో కొన్నాను. పాత ఫోన్ పగల్లేదు, చెడిపోలేదు. మాట్లాడితే వినిపించేది, ఫోటో తీస్తే పడేది. కానీ బ్యాంకు యాప్ ఆ పాత ఆండ్రాయిడ్‌లో ఇక నడవదని తేల్చింది. బాగా పనిచేసే వస్తువును ఎక్కడో కూర్చున్నవాళ్ళు పనికిరానిదని నిర్ణయిస్తే, ఆ ఖర్చు మనం భరించాలి. నల్గొండ జిల్లాలో మా అమ్మ వాడే కొడవలికి ఈ బాధ లేదు. మొద్దుబారితే నూరుకుంటుంది.

కొత్త ఫోన్ వచ్చిన రోజు నుంచి ఒక పని పెట్టుకున్నాను. రాత్రి పడుకునే ముందు నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీసి, ఆ రోజు ఫోన్‌తో చేసిన పనులన్నీ రాశాను. మొదటి గడిలో సరదాకు చేసినవి. రెండో గడిలో ఫోన్ వల్ల సులువైనవి. మూడో గడిలో ఫోన్ లేకపోతే అసలు దారే లేనివి. మొదటి గడి పెద్దదవుతుందని అనుకున్నాను. మన ఇళ్ళలో పెద్దలు "ఎప్పుడు చూసినా ఫోనేనా" అని తిట్టేది ఆ గడి గురించే కదా. నెల తిరిగేసరికి నిండిపోయింది మూడోది. ఫెలోషిప్ ఫారానికి ఓటీపీ. హాజరు అప్‌లోడ్. పరీక్ష హాల్‌టికెట్. గది అద్దె చెల్లింపు. గ్యాస్ బుకింగ్. లైబ్రరీ లాగిన్. వీటిలో ఏదీ నాకు సరదా కాదు. ఇవి జరగాలంటే ఫోన్ ఉండాలి, ఛార్జింగ్ ఉండాలి, రీఛార్జ్ ఉండాలి, ఆధార్‌కు జతైన నంబరు అదే అయి ఉండాలి.

నేను ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఆ మూడో గడి గురించే. హక్కుకు వెళ్ళే తలుపు ఫోన్‌లోకి మారిపోయింది. తలుపు మార్చింది ప్రభుత్వం, విశ్వవిద్యాలయం, బ్యాంకు. దాన్ని కొనుక్కోవాల్సింది మాత్రం మనం.

ఉదాహరణకు ఈ-శ్రమ్. 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల కోసం మొదలైంది. సొంతంగా నమోదు చేసుకోవాలంటే ఆధార్‌కు జతైన మొబైల్ నంబరు కావాలి. లేకపోతే సేవాకేంద్రానికి వెళ్ళి వేలిముద్ర వెయ్యాలి. వలస కార్మికుడు ఊరు మారితే సిమ్ మారుస్తాడు, రీఛార్జ్ చెయ్యలేని నెలల్లో నంబరే పోతుంది. ఇక ఉపాధి హామీ. 2023 జనవరి 1 నుంచి పనిచోట హాజరును ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లోనే వెయ్యాలన్నారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో ఎక్కాలి. ఫోన్ మేట్‌దే, డేటా మేట్‌దే. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే తవ్విన మట్టి తవ్వినట్టే కనిపిస్తుంది, కూలి మాత్రం లెక్కలోకి రాదు. ఎండలో గడ్డపార పట్టిన మనిషి మాట కన్నా ఫోటో మాటకే విలువ. ఆ మట్టి తవ్వేవాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో ఈ సభకు వేరే చెప్పక్కర్లేదు.

చదువు సంగతికొద్దాం. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్ళు 24 శాతం లోపే. పల్లెల్లో 15 శాతం లోపు. కంప్యూటర్ ఉన్న ఇళ్ళు 11 శాతం లోపు. ఈ లెక్క చేతిలో ఉండగానే 2020లో బడులూ కాలేజీలూ ఆన్‌లైన్‌కు మారిపోయాయి. ఆ జూన్‌లో కేరళ మలప్పురం జిల్లాలో తొమ్మిదో తరగతి దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది, స్మార్ట్‌ఫోన్ లేదు, క్లాసులు అందలేదు. ఆ నవంబరులో మన షాద్‌నగర్ నుంచి ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీకి వెళ్ళిన గణితం విద్యార్థిని కూడా అలాగే వెళ్ళిపోయింది. తండ్రి మోటార్ సైకిల్ మెకానిక్. క్లాసులు వినడానికి లాప్‌టాప్ లేదు, రావలసిన స్కాలర్‌షిప్ డబ్బు రాలేదు. ఆ ఇద్దరు ఆడపిల్లలకూ తెలివి తక్కువ కాలేదు. తలుపు మార్చినవాళ్ళు తాళంచెవి ఇవ్వలేదు.

అయితే ఫోన్ వద్దందామా? మనం అలా అనలేం. 1945లో వచ్చిన 'కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి చేసిందేమిటి' పుస్తకంలో బాబాసాహెబ్ గాంధీవాదం మీద ఒక అధ్యాయం రాశారు. యంత్రం వల్ల కీడు జరిగితే ఆ తప్పు యంత్రానిది కాదనీ, దాని ఫలాన్ని కొందరి సొత్తు చేసిన సామాజిక వ్యవస్థదనీ ఆయన వాదన. మనిషి పశువులా బతక్కుండా ఉండాలంటే తీరిక కావాలి. పదిమంది చేసే చాకిరీని యంత్రం చేస్తేనే ఆ తీరిక దొరుకుతుంది. రాట్నం చాలన్నవాళ్ళకు ఆయన ఇచ్చిన జవాబు ఇది. కాబట్టి ఏ కొత్త యంత్రం వచ్చినా మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇది మనకు తీరిక ఇచ్చిందా, ఉన్న తీరికను లాక్కుందా?

ఈ ప్రశ్న సూరత్‌లో అడగడం బాగుంటుంది. 1946లో కార్మిక సభ్యుడిగా బాబాసాహెబ్ కృషితోనే ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 48 గంటల పని తెచ్చారు. ఇక్కడి పవర్‌లూమ్ షెడ్లలో ఇప్పటికీ 12 గంటల షిఫ్టు మామూలు. మీ నాన్నలు, తాతలు నల్గొండ, వరంగల్, కరీంనగర్ నుంచి వచ్చి నిలబడ్డది ఆ మగ్గాల ముందే. ఇప్పుడు ఆ షిఫ్టుకు ఫోన్ తోడైంది. మా వీధిలో ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అతికిస్తారు, దారాలు కత్తిరిస్తారు. ముందైతే మూట దించినప్పుడే పని వచ్చేది. ఇప్పుడు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో డిజైన్ ఫోటో వస్తుంది, పొద్దున్నే ఇవ్వాలని. ఆ ఫోటో చూపించి పక్కింటి చాచీ నాతో అంది: "దీన్ని ఆపేస్తే పని పోతుంది, ఆపకపోతే నిద్ర పోతుంది." ఆ ఇంట్లో నలుగురికి ఒకే ఫోన్. కూతురు పదో తరగతి. పని ఫోటో వచ్చిన రాత్రి ఆ అమ్మాయికి ట్యూషన్ వీడియో లేదు.

ఆడపిల్లల చేతిలో ఫోన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2019 జూలైలో ఇదే రాష్ట్రంలో, బనాస్‌కాంఠా జిల్లా దాంతీవాడ తాలూకాలో, 12 ఊళ్ళ ఠాకోర్ కులపెద్దలు పెళ్ళికాని అమ్మాయిలు మొబైల్ వాడకూడదని తీర్మానించారు. కులాంతర పెళ్ళిళ్ళకు జరిమానా కూడా అదే తీర్మానంలో పెట్టారు. ఈ రెండూ ఒకేచోట ఉండటం యాదృచ్ఛికం అనుకోను. 1916లో కొలంబియాలో చదివిన 'భారతదేశంలో కులాలు' పత్రంలో బాబాసాహెబ్ కులానికి మూలం అంతర్వివాహం అన్నారు. దాన్ని నిలబెట్టడానికి సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఎలా పనికొచ్చాయో చూపించారు. ఆడపిల్ల ఎవరితో మాట్లాడుతుందో కాపలా కాయకపోతే కులం నిలవదు. ఆ కాపలాకు నేటి రూపం ఫోన్ నిషేధం. సరిగ్గా అదే ఏడాది సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఫహీమా షిరిన్ కేసులో తీర్పు ఇచ్చింది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా హాస్టల్‌లో ఫోన్ వాడొద్దన్న నిబంధనను ఒప్పుకోనందుకు గెంటేసిన విద్యార్థిని కేసు అది. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులోనూ, గోప్యత హక్కులోనూ భాగమని కోర్టు చెప్పింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 33 శాతం, పురుషులు 57 శాతం. ఇక్కడున్న అన్నలు, తమ్ముళ్ళు ఈ అంకెలను ప్రభుత్వాన్ని తిట్టడానికి మాత్రమే వాడొద్దు. మన ఇంట్లో కొత్త ఫోన్ ఎవరి చేతికి వస్తుంది, పాతది ఎవరికి పోతుంది, అది కూడా చూసుకోవాలి.

ఇక ఫోన్ లోపలి సంగతి. కులం బయటే ఉండిపోదు, తెర మీదికీ వస్తుంది. ఫోన్ చేసినవాళ్ళ పేరు చూపించే ఒక యాప్‌లో నా నంబరు కొట్టి ఒక మిత్రుడు చూపించాడు. నా పేరు ముందు 'ఎస్సీ హాస్టల్' అని ఉంది. చదువుకునే రోజుల్లో ఎవరో అలా సేవ్ చేసుకున్నారు, యాప్ దాన్నే నా పేరు చేసింది. సూరత్‌లో గది కోసం ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్ళకు నా గొంతు కన్నా ముందు అది కనిపించి ఉంటుంది. కొత్త ఫోన్ కెమెరా నేను అడక్కుండానే నా ముఖాన్ని తెల్లగా, నున్నగా చేసింది. సెట్టింగుల్లోకి వెళ్ళి తీసేశాను. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. 2018లో జాయ్ బులామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి పరిశోధకురాళ్ళు ముఖం చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లని మగవాళ్ళ విషయంలో తప్పు 1 శాతం లోపు. నల్లని ఆడవాళ్ళ విషయంలో ఒకదానిలో దాదాపు 35 శాతం. రేపు హాజరుకు, పింఛనుకు, రేషనుకు ముఖమే గుర్తింపు అన్నప్పుడు, ఏ ముఖాలతో ఆ యంత్రానికి చదువు చెప్పారని మనం అడగాలి.

చివరగా ఊనా. 2016 జూలై 11న మోటా సమఢియాలా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న మనవాళ్ళను పట్టుకుని, ఊనా పట్నంలో చొక్కాలు విప్పి కొట్టారు. వీడియో తీసింది కొట్టినవాళ్ళే. భయపెట్టడానికి వదిలారు. అదే వీడియో మన ఫోన్లలోకి వచ్చేసరికి సాక్ష్యమైంది. చచ్చిన పశువులను ఇక మొయ్యమని జనం కలెక్టర్ ఆఫీసు ముందు కళేబరాలు వేశారు. ఆగస్టు 5న అహ్మదాబాద్‌లో బయలుదేరిన యాత్ర 15న ఊనా చేరింది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మన చేతుల్లో కెమెరా లేదు. చుండూరు కేసులో 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. వీడియో ఒక్కటే న్యాయం తెస్తుందని నేను అనను. కానీ జరిగింది జరగలేదని చెప్పడం వాళ్ళకు కష్టమవుతుంది.

1920లో మూక్‌నాయక్ మొదలైనప్పుడు డబ్బు ఇస్తామన్నా దాని ప్రకటన వేసుకోవడానికి కేసరి ఒప్పుకోలేదు. అయినా పత్రిక వచ్చింది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక నడిపారు. అచ్చుయంత్రం అప్పటికి కొత్త ఫోన్ లాంటిదే. అది తమకోసం తయారు కాలేదని తెలిసీ వాళ్ళు దాన్ని తమ పనికి వాడుకున్నారు.

అందుకని మూడు పనులు చెప్పి ముగిస్తాను. ఒకటి, ఫోన్‌లో జరిగే ప్రతి ప్రభుత్వ పనికీ, విశ్వవిద్యాలయ పనికీ మనిషి కూర్చున్న కౌంటరు, చేతికిచ్చే రసీదు కూడా ఉండాలని అడుగుదాం. ఆన్‌లైన్ తప్పనిసరి చేసినచోట ఫోన్, డేటా ఖర్చును పాఠ్యపుస్తకం ఖర్చులా స్కాలర్‌షిప్‌లో కలపమందాం. ఇంటికి ఒక ఫోన్ ఉంటే ఆ ఇంట్లో విద్యార్థులందరికీ ఫోన్ ఉన్నట్టు లెక్కవెయ్యొద్దందాం. రెండు, పరిశోధకులకు. మన ఫోన్లో ఉన్న ఇంటర్వ్యూలు మన సొత్తు కాదు. అసలు పేర్లతో ఫైళ్ళు దాచొద్దు, ఆటోమేటిక్ బ్యాకప్ ఆపండి, చెప్పినవాళ్ళు తీసెయ్యమంటే తీసెయ్యండి. ఉన్ లాంటి బస్తీలో ఒక ఫోన్ పోలీసు చేతికో ఓనరు చేతికో చిక్కితే నష్టపోయేది మనం కాదు, మనకు మాట ఇచ్చినవాళ్ళు.

మూడోది ఇక్కడి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. సూరత్ నగరపాలిక బడుల్లో తెలుగు మీడియం ఉందంటే దాని వెనక మీ తాతలు, నానమ్మలు ఇక్కడ గడిపిన జీవితం ఉంది. ఏ ఊరి నుంచి, ఏ ఏడు, ఎవరి వెంట వచ్చారో, ఎవరి ఇంట్లో నీళ్ళు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో అడిగి రికార్డు చెయ్యండి. నా ఫోన్‌కు మాట్లాడితే తెలుగు రాసే సౌకర్యం ఉంది. పుస్తకాల తెలుగు బాగానే రాస్తుంది. మా అమ్మ మాట్లాడితే సగం మాటలు తప్పు రాస్తుంది. ఆ సగం మాటలను మనమే రాసి పెట్టాలి. ఈ వారమే మొదలుపెట్టండి.

జై భీమ్.